తేదీల చీటీ

ఆదోనిలో ఏప్రిల్ దాటితే
పుస్తకాలకు కూడా ఒళ్లు కరుగుతుంది.
అట్టల బంక జిగురుజిగురుగా పట్టుకుని
హత్యల నవల ఒకటి
పక్కనున్న సంసారాల నవలను వదలనంటుంది.
నేనే మెల్లగా విడదీస్తాను,
ఇద్దరికీ తోలు లేవకుండా.

ముప్పై ఒక్క ఏళ్లు.
చదివినవన్నీ గుర్తున్నాయంటే అబద్ధం.
ఎక్కడెక్కడ ఆగానో మటుకు గుర్తుంది.

డిటెక్టివు నవలల్లో
పన్నెండో పేజీకే ఎవడో పెన్సిలుతో రాసిపెడతాడు,
"చంపింది వంటాయనే" అని.
రబ్బరు పెట్టి తుడుస్తాను. మళ్లీ రాస్తాడు.
వాడి దస్తూరీ వణకడం మొదలైంది కూడా చూశాను.
ఈ రెండేళ్లుగా ఏ పుస్తకంలోనూ రాయలేదు.
పన్నెండో పేజీ తెరిస్తే ఇప్పుడు
హత్య కన్నా అదే దిగులు.

మేడలూ కార్లూ ఉండే నవలలకు
పసుపు వేలిముద్రలు, జీలకర్ర వాసన,
ఒక దాంట్లో పాలచీటీ, ఇంకో దాంట్లో జాకెట్టు కొలతలు.
నాకు నచ్చలేదు. హీరోకి కోపగించుకోవడం తప్ప వేరే పని లేదు.
కానీ బట్టలు కుట్టే ఖాజాబీ ఆరుసార్లు తీసుకుపోయింది.
ఏముందమ్మా అందులో అంటే
"ఆయమ్మకు సొంత గది ఉంది సార్,
గొళ్లెం లోపలివైపుకే" అనింది.
ఆ రాత్రి మళ్లీ చదివాను.
మొదటిసారి నాకు గొళ్లెం కనిపించనే లేదు.

చేతబడి నవలలు నన్ను భయపెట్టలేదు.
స్టాకు తనిఖీకొచ్చిన ఆఫీసరు భయపెట్టాడు.
అంగారకుడి మీద నీళ్లు కనుక్కున్న నవల
మా వీధి కొళాయి తొమ్మిదో రోజుకు వచ్చిన తెల్లవారుజామున
బిందెల వరుసలో నిలబడి ముగించాను.
ఫర్వాలేదు. వాళ్లకూ పైపులు సరిగ్గా లేవు.

రాజుల నవలల్లో కోట కట్టడానికి ఒక్క వాక్యం చాలు.
మా కొండ ఎక్కి చూసొచ్చాను,
ఒక్క రాయి కూడా ఆ వాక్యంలో పట్టేట్టు లేదు.

సీమ నవల అని ఒకటి,
అట్ట నిండా సుమోలు, బాంబులు, ఎర్రరంగు.
రెండు వేళ్లు లేని చేత్తో తిరిగిచ్చాడు
పెద్దతుంబళం రంగన్న.
"ఇంత సద్దు రాదు సార్.
ముందు చెవుల్లో ఏమీ ఉండదు.
ఆ తర్వాత ఎవరో నీళ్లడుగుతారు."
ఆ నవల గురించి ఇంకేం చెప్పలేను.

తర్వాత ఆ తర్జుమా నవల.
మూడొందల పేజీల నిండా మంచు.
మే నెల, మధ్యాహ్నం రెండు,
ఫ్యానుకు చప్పుడుంది, గాలి లేదు.
చదువుతుంటే వేళ్లు కొంకర్లు పోయాయి, నిజం.
మంచు నేనెప్పుడూ చూడలేదు.
కానీ మా నాయన
పత్తి మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో దూది ఏకేవాడు.
విల్లు నారి మోగితే
కనురెప్పల మీద, మీసం మీద, సంగటి గిన్నెలో
తెల్లగా దిగేది.
మంచు అంటే అదే అనుకుని చదివాను.
అందులో గుర్రబ్బండి దారి తప్పినప్పుడు
నాకు నాయన దగ్గు వినిపించింది.

ఆ నవలను ఎవరూ తీసుకుపోలేదు.
వెనక అట్ట లోపల తేదీల చీటీ
అక్షరం పడని పలక.
ఐదేళ్లు కదలని పుస్తకాలను
కట్టలు కట్టి తూకానికి వెయ్యమని
పైనుంచి కాగితం వచ్చింది.

ఆ సాయంత్రం తలుపులు మూశాక
ముద్ర తీశాను. తేదీ పళ్లు తిప్పాను.
జూన్ నాలుగు. సెప్టెంబరు ఇరవై. మళ్లీ జనవరి.
ఊదా సిరా ఆరేదాకా నోటితో ఊదాను.
రిజిస్టరులో సభ్యుడి పేరు కావాలి కదా,
దూదేకుల దస్తగిరి,
నంబరు నాలుగు వందల పదిహేడు, అని రాశాను.
సంతకం రాని మనిషి.
వేలిముద్ర నాదే వేశాను.

ఒక్కసారి మటుకు గడువు దాటించాను,
నమ్మకంగా ఉంటుందని.
జుల్మానా రెండు రూపాయలు
జేబులోంచి తీసి డబ్బాలో వేశాను.
రసీదు చించాను.
ఎవరికివ్వాలో తెలీక
నలభై రెండో పేజీలో పెట్టాను,
బండి ఇంకా దారి తప్పని చోట.